సి షిఫ్టు వాళ్ళు నిద్రలో పళ్ళు కొరకడం: నైట్ గార్డు పెట్టుకుంటే సరిపోతుందా?

సి_షిఫ్టు_కెమిస్ట్ · సోమవారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. జీడిమెట్ల, పాశమైలారం వైపు ఫార్మా ప్లాంట్లలో వారం వారం షిఫ్టు మారేవాళ్ళకు (ఎ షిఫ్టు ఆరు–రెండు, బి షిఫ్టు రెండు–పది, సి షిఫ్టు రాత్రి పది–ఆరు) పంచడానికి ఒక పేజీ తయారు చేస్తున్నాం. సి షిఫ్టు వారంలో చాలామంది చెప్పే బాధ ఒకటే. పొద్దున ఎనిమిదికి పడుకుని మధ్యాహ్నం లేచేసరికి కణతలు లాగుతుంటాయి, దవడ బిగుసుకుపోయి ఉంటుంది, చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే "నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు, నైట్ గార్డు (పళ్ళ మీద తొడుక్కునే ప్లేటు) పెట్టుకోండి" అంటారు. అక్కడితో కథ అయిపోతుంది.

నాకు కావలసినవి మూడు. ఇది పళ్ళు కొరకడమేనని ఎలా పోల్చుకోవాలి? మందుల షాపులో దొరికే, వేడి నీళ్ళలో వేసి కొరికే గార్డుకూ డాక్టరు చేయించేదానికీ తేడా ఏమిటి? అసలు మూలం పగటి నిద్రలోనే ఉంటే దానికి ఏం చేయాలి? తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

దంతాల_డాక్టరమ్మ · సోమవారం, ఉదయం 9:25

ముందు ఒక మాట. నైట్ గార్డు అన్న పేరే సి షిఫ్టు వాళ్ళను తప్పుదోవ పట్టిస్తోంది. రాత్రి డ్యూటీలో ఉంటారు కాబట్టి ఆ వారమంతా అది డబ్బాలోనే ఉండిపోతుంది. అది నిద్రకు సంబంధించిన వస్తువు, రాత్రికి కాదు. పొద్దున ఎనిమిదికి పడుకుంటే ఎనిమిదికే పెట్టుకోవాలి. మీ పేజీలో మొదటి వాక్యం ఇదే రాయండి.

ఇక పోల్చుకోవడం. అద్దం ముందు నిలబడి పెదవి పైకెత్తి పై కోరపళ్ళ మొనలు చూడండి. మొన పోయి బల్లపరుపుగా, నున్నగా మెరుస్తుంటే, కింది దవడను పక్కకు జరిపినప్పుడు కింది కోరపన్ను మీద అది సరిగ్గా అతుక్కుంటే, అది రాపిడి. నాలుక బయటపెడితే అంచుల వెంట పళ్ళ అచ్చులు వరుసగా కనిపిస్తాయి. బుగ్గ లోపల, పళ్ళు కలిసే ఎత్తులో, తెల్లటి గీత ఉంటుంది. ఈ అచ్చులు, గీత మెలకువలో పళ్ళు బిగబట్టేవాళ్ళకు కూడా వస్తాయి కాబట్టి వాటిని మాత్రమే చూసి తేల్చకండి. చెవి ముందు, దవడ మూల మీద రెండు వేళ్ళు ఆనించి పళ్ళు బిగించండి, అక్కడ ఉబికే కండరాన్ని వదిలేశాక నొక్కితే పుండులా నొప్పిస్తే ఆ కండరం అతిగా పని చేస్తోందనుకోవచ్చు. చెవి నొప్పి అనుకుని చెవుల డాక్టరు చుట్టూ తిరిగేవాళ్ళలో కొందరిది నిజానికి ఈ కండరమే.

అరిగిన పళ్ళన్నీ కొరికి అరిగినవి కావు. దవడ పళ్ళ మీద చిన్న చిన్న గుంటలు పడి, పాత సిమెంట్ చుట్టూ పన్ను కరిగి సిమెంట్ మాత్రం తిన్నెలా పైకి నిలబడితే అది ఆమ్లం పని: కూల్ డ్రింకులు, నిమ్మ సోడా, లేదా కడుపులోంచి పైకి తన్నే పులుపు. షిఫ్టు వాళ్ళలో రెండూ కలిసి ఉండటం మామూలే. ఆమ్లం మెత్తబరిచిన పంటి పింగాణీ పొర (ఎనామెల్) మీద రాపిడి పడితే అరుగుదల చాలా వేగంగా సాగుతుంది. ఆ పొర పోయాక తిరిగి పెరగదు. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద పొర ముందే గుల్లబారి ఉంటే అది పెచ్చులుగా లేస్తుంది. వాళ్ళు ఇంకా ముందుగా చూపించుకోవాలి.

నిద్ర_ల్యాబు · సోమవారం, ఉదయం 10:50

డాక్టర్ గారు చెప్పింది పంటి వైపు నుంచి. నేను నిద్ర వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని పంటి జబ్బు అనుకుంటారు.

నిద్ర పరీక్షలో దవడ కండరం మీద తీగలు అంటించి చూస్తే వరుస ఇలా ఉంటుంది. ముందు గుండె, నరాల ఒత్తిడి కాస్త పెరుగుతుంది. తర్వాత మెదడు తరంగాలు మూడు నుంచి పదిహేను సెకన్ల పాటు మెలకువ వైపు జారతాయి. మనిషికి ఆ సంగతి తెలియదు, లేచాక గుర్తూ ఉండదు. ఆ చిన్న మెలకువ మొదలైన సుమారు నాలుగు సెకన్లకు దవడ కండరం సెకనుకు ఒక దెబ్బ చొప్పున నమిలినట్టు కదులుతుంది. ఇది ఎక్కువగా తేలిక నిద్రలో జరుగుతుంది, గాఢ నిద్రలో తక్కువ. పళ్ళు కొరకని ఆరోగ్యవంతుల్లో కూడా సగానికి పైగా ఈ కదలిక కొద్దిగా ఉంటుంది. అందుకే 2018లో అంతర్జాతీయ నిపుణులు ఆరోగ్యంగా ఉన్న మనిషిలో దీన్ని జబ్బు అనకుండా నిద్రలో దవడ కండరాల పని అన్నారు. ఎంత ఎక్కువ, ఎంత బలంగా, దానివల్ల నష్టం ఉందా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు పగటి నిద్ర చూడండి. పొద్దున ఎనిమిదికి పడుకుంటే ఒంటి గడియారం అప్పుడే వేడి పెంచుతూ మేలుకో అంటుంటుంది. దానికి తోడు వెలుగు, గ్యాస్ బండి చప్పుడు, ఫోన్, ఉక్క. నిద్ర ఐదారు గంటలకు మించదు, ఉన్నది కూడా ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్క దగ్గర ఒక చిన్న మెలకువ, ప్రతి మెలకువ దవడకు ఒక అవకాశం. షిఫ్టు నేరుగా పళ్ళు కొరికించదు. నిద్రకు చిల్లులు పొడుస్తుంది, ఆ చిల్లుల్లో అప్పటికే ఆ అలవాటు ఉన్న దవడ పని చేస్తుంది. గార్డు పన్నును కాపాడుతుంది గానీ చిల్లులు పూడ్చదు.

ఇంకో ఇబ్బంది ఉంది. రాత్రి కొరికితే పక్కన పడుకున్నవాళ్ళు విని చెప్తారు. పగలు ఇంట్లో పిల్లలు బడికి, పెద్దలు పనికి వెళ్ళిపోతారు, వినేవాళ్ళు ఉండరు. అందుకే సి షిఫ్టు వాళ్ళది పన్ను విరిగాకే బయటపడుతుంది. ఫోన్‌లో రికార్డర్ పెట్టి తలకు మీటరు దూరంలో, ఫ్యాన్ గాలి తగలని చోట ఉంచండి. మూడు పగళ్ళ నిద్ర రికార్డు చేయండి. చెక్క మీద ఆకురాయి గీసినట్టు కిర్రు కిర్రుమనేది కొరకడం. పళ్ళు బిగించి ఉంచితే చప్పుడు రాదు, అది రికార్డులో దొరకదు.

ఆ రికార్డు వినేటప్పుడే గురక కూడా వినండి. గురక పెరిగి పెరిగి, పది సెకన్లో అంతకంటే ఎక్కువో నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై గాలి పీల్చడం ఉంటే గార్డు చేయించే ముందు నిద్ర పరీక్ష చేయించాలి. శ్వాస ఆగినప్పుడు మెదడు లేస్తుంది, దవడ కూడా లేస్తుంది. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, లేవగానే తలనొప్పి ఉండేవాళ్ళు దీన్ని అశ్రద్ధ చేయకూడదు. శ్వాస ఆగే జబ్బు ఉన్న కొందరికి పై దవడకు మాత్రమే ప్లేటు పెడితే శ్వాస ఆగడం పెరిగినట్టు కూడా గమనించారు.

గోదావరిఖని_సేఫ్టీ · సోమవారం, మధ్యాహ్నం 1:15

నిద్ర ల్యాబు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. గదిని ఎట్ల సరిచేయాల్నో నేను చెప్త. రామగుండం, కొత్తగూడెం ఎండల్ల పగటి నిద్రంటే సగం యుద్ధం గది తోనే.

అందరు చేసే తప్పేందంటే వెలుగు రావద్దని కిటికీలన్ని మూసి లోపల కూలర్ పెడుతరు. కూలర్ గాలి బయటికి పోవాలె. పోకుంటే గంటకే గది అంతా తేమ పట్టి ఒళ్ళు జిగట జిగట అయితది, ఇంక నిద్రెక్కడ? కూలర్‌ను ఒక కిటికీల బిగించాలె, ఎదురు గోడ కిటికీ జానెడంత తెరిచి పెట్టాలె. ఆ తెరిచిన కిటికీకి లోపలి దిక్కున, గోడకు జానెడు ఎడంగ తాడు కట్టి నల్ల గుడ్డ వేయాలె. గుడ్డ కిటికీ కంటె నాలుగు దిక్కుల అడుగు అడుగు పెద్దగుండాలె. గాలి పక్కల నుంచి పోతది, వెలుగు గుడ్డకు తగిలి ఆగిపోతది. గుడ్డను కిటికీకి అంటించి కుడితే గాలి ఆగుతది, అది పనికిరాదు.

మిగిలిన కిటికీల అద్దాలకు లోపలి నుంచి అల్యూమినియం రేకు కాగితం అంటించుండ్రి, మెరిసే దిక్కు బయటికి. తలుపు కింది సందుల పాత దుప్పటి చుట్టి పెట్టుండ్రి. చెయ్యి చాపితే వేళ్ళు కనవడొద్దు, అదే లెక్క. ఇల్లు కిరాయిది, గోడకు మేకులు కొట్టనియ్యరు అంటే కంటి పట్టీ కట్టుకోవాలె, కని బిగుతుగుండొద్దు, కణతల మీద ఒత్తితే లేచినంక నొప్పి ఇంక పెరుగుతది.

చెవుల స్పాంజి బిళ్ళలు ప్లాంటుల ఇచ్చేవే మంచియి. సరిగ పెడితే 30 డెసిబెల్స్ దాకా తగ్గిస్తయి. అయితే మస్తుమంది పెట్టే తీరే తప్పు. వేళ్ళతోని సన్నగ పుల్ల లెక్క చుట్టాలె, రెండో చెయ్యి తల మీది నుంచి తెచ్చి చెవి కొసను పైకి గుంజి లోపలికి పెట్టాలె, అది ఉబ్బే దాకా ముప్పై సెకన్లు వేలితో ఆపాలె. సగం బయటికి కనవడ్తే పెట్టనట్టే. అవి పెట్టుకుంటే అలారం వినవడదు, గందుకే ఫోన్ వైబ్రేషన్‌ల పెట్టి దిండు కింద కాకుండ మంచం పట్టె మీద పెట్టుండ్రి.

ఇంట్ల కాలింగ్ బెల్లు స్విచ్ బంద్ చేయాలె. తలుపుకు చీటీ అంటించాలె: ఎవరు పడుకున్నరో, ఎన్ని గంటల దాక లేపొద్దో.

సి_షిఫ్టు_కెమిస్ట్ · సోమవారం, రాత్రి 9:05

గది సంగతి చాలా ఉపయోగంగా ఉంది అన్నా, గుడ్డ ఎడంగా కట్టడం పేజీలో బొమ్మ వేసి పెడతాం. ఇక గార్డు గురించి. మెత్తటిదా, గట్టిదా? అందరూ అడిగేది ఇదే.

పళ్ళ_ల్యాబు · సోమవారం, రాత్రి 10:40

పంటి ల్యాబులో ప్లేట్లు చేసే పని కాబట్టి ఇది నా వంతు.

వేడి నీళ్ళలో మెత్తబరిచి కొరికే గార్డు ఆటల్లో దెబ్బ తగలకుండా తయారైన వస్తువు. రబ్బరులా సాగుతుంది. నోట్లో మెత్తటిది ఉంటే కొందరి దవడ దాన్ని నమలడం మొదలుపెడుతుంది, కండరం పని తగ్గకపోగా పెరుగుతుంది. మందం కూడా సమంగా రాదు. మనం కొరికిన బలాన్ని బట్టి వెనక పళ్ళ దగ్గర పలచబడి, ముందు దళసరిగా ఉంటుంది. కాస్త గట్టిగా కొరికేవాళ్ళు కొన్ని నెలల్లో దానికి చిల్లు పెడతారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేవరకు రెండు మూడు వారాలు నెట్టుకురావడానికైతే సరే.

డాక్టరు చేయించేది గట్టి అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) ప్లేటు. అన్ని పళ్ళనూ కప్పాలి. ముందు నాలుగు పళ్ళకే పెట్టే చిన్న ముక్క గార్డులు కొందరు అమ్ముతారు. వాటిని నెలల తరబడి వాడితే వెనక పళ్ళకు ఆనుడు లేక అవి పైకి లేస్తాయి, ముందు పళ్ళు కలవకుండా సందు మిగులుతుంది. చిన్నది కాబట్టి నిద్రలో ఊడి గొంతులోకి జారే ప్రమాదం కూడా ఉంది.

తయారీలో ఎక్కడ చెడుతుందో చెప్తాను, ఎందుకంటే "ప్లేటు కుదరలేదు" అని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ. ఆల్జినేట్ ముద్దతో కొలత తీసినప్పుడు పది పదిహేను నిమిషాల్లోపు దాంట్లో రాతి ప్లాస్టర్ పోయాలి. ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీళ్ళే. బల్ల మీద గంట ఉంచితే ఎండి కుంచించుకుపోతుంది, దాని మీద వచ్చిన ప్లేటు నోట్లో బిగుతై ఒక్క పన్నును లాగుతూ ఉంటుంది. క్లినిక్ ఒక చోట, ల్యాబు ఇంకో చోట ఉండి కొలత స్కూటర్ మీద ప్రయాణం చేస్తే జరిగేది ఇదే. క్లినిక్‌లోనే అచ్చు పోయించమనండి. స్కానర్ ఉన్నచోట ఈ బాధ లేదు.

అక్రిలిక్‌ను నీళ్ళలో 74 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఉడికించి, దానంతట అది చల్లారేదాకా ఆగాలి. తొందరపడి చల్లటి నీళ్ళలో వేస్తే వంకర తిరుగుతుంది. సరిగా ఉడకకపోతే అక్రిలిక్‌లో కలిపిన ద్రవం మిగిలి అంగిలి మండుతుంది. మందం వెనక పళ్ళ మధ్య సుమారు రెండు మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే పలచనైతే పగులుతుంది, మరీ దళసరైతే పెదవులు కలవవు, నోరు ఎండుతుంది.

ప్లేటు చేతికిచ్చి పంపేస్తే పని సగమే అయినట్టు. డాక్టరు రంగు కాగితం పెట్టి కొరికించాలి. రెండు పక్కలా వెనక పళ్ళన్నిటి చుక్కలూ ఒకే బరువుతో పడేదాకా అరగదీయాలి. దవడ పక్కకు జరిపినప్పుడు కోరపళ్ళు మాత్రమే జారాలి, వెనక పళ్ళు విడిపోవాలి. దీనికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. వారం పది రోజులకు మళ్ళీ ఒకసారి చూపించాలి, ఎందుకంటే కండరం సడలాక దవడ కూర్చునే తీరు మారి చుక్కలు మారతాయి.

మొదటి మూడు నాలుగు రోజులు లాలాజలం ఊరుతుంది, నిద్ర లేచి తీసినప్పుడు పళ్ళు కాసేపు కొత్తగా కలిసినట్టు ఉంటాయి. అరగంటలో సర్దుకుంటే ఫరవాలేదు, గంటల తరబడి అలాగే ఉంటే వాడకం ఆపి చూపించండి.

కడగడం: చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్, చుక్క చేతుల సబ్బు ద్రవం. టూత్‌పేస్టు వద్దు, అందులోని పొడి అక్రిలిక్‌ను గీరుతుంది, ఆ గీతల్లో వాసన పడుతుంది. వేడి నీళ్ళు అసలే వద్దు. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో పెట్టకండి. కాగితంలో చుట్టి పెడితే చెత్తతోపాటు పోతుంది, డబ్బాలోనే పెట్టండి.

దంతాల_డాక్టరమ్మ · మంగళవారం, ఉదయం 7:30

ల్యాబు తమ్ముడు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. ప్లేటు మీద అరిగిన గుంటలు చూసి "గార్డు పని చేయట్లేదు" అని కొందరు బాధపడతారు. అరగాల్సింది అదే, పన్ను బదులు. దాన్ని పారేయకుండా ఆరు నెలలకోసారి తీసుకురండి, ఏ పక్క ఎక్కువ అరిగిందో దాన్ని చూసే తెలుస్తుంది.

పళ్ళు ఊగుతున్నవాళ్ళు, చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. ఊగే పంటికి కొలత తీసి ప్లేటు చేస్తే అది సరిగా కూర్చోదు.

వార్డు_నర్సు · మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఎనిమిది–ఎనిమిది రాత్రి డ్యూటీలు ఆసుపత్రుల్లో చాలా ఉన్నాయి కాబట్టి తిండి, టీ, మాత్రల గురించి నేను రాస్తాను.

టీ కాఫీలలోని కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదికి పడుకునేవాళ్ళు ఆఖరి టీ రాత్రి ఒంటిగంటన్నరకు, మహా అయితే రెండుకు తాగాలి. నాలుగింటికి ఒళ్ళు బాగా వాలిపోతుంది, అప్పుడే అందరూ పెద్ద కప్పు తాగుతారు. ఆ కప్పే ఎనిమిదింటి నిద్రను తేలిక చేస్తుంది, తేలిక నిద్రలోనే దవడ కదులుతుంది. నాలుగింటికి కావలసింది టీ కాదు, వెలుగులో నాలుగు అడుగులు నడవడం, చల్లటి నీళ్ళు, వీలైతే ఇరవై నిమిషాల కునుకు. షిఫ్టు మొదట్లో ఒకటి రెండు కప్పులు తాగితే నష్టం లేదు.

సిగరెట్ తాగేవాళ్ళలోనూ, మద్యం తాగేవాళ్ళలోనూ నిద్రలో పళ్ళు కొరకడం దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. డ్యూటీ దిగాక నిద్ర పట్టడానికి ఒక పెగ్గు అనేవాళ్ళకు ఇది గట్టిగా చెప్పాలి. మొదటి గంట నిద్ర పడుతుంది, తర్వాత ముక్కలవుతుంది, గురక కూడా పెరుగుతుంది.

మెలకువ కోసం ఖైనీ, వక్క నమిలేవాళ్ళు ఇంకా ఎక్కువ. నికోటిన్ సంగతి అటుంచితే, గంటల తరబడి గట్టి వక్క నమిలితే పళ్ళూ అరుగుతాయి, దవడ కండరమూ అలసిపోతుంది. నోరు మూడు వేళ్ళు నిలువునా పట్టేంత తెరుచుకోకపోతే అది కండరం బిగుతేనని తేలిగ్గా తీసుకోకండి. వక్క, గుట్కా నమిలేవాళ్ళలో బుగ్గ లోపల తెల్లబారి పట్టీలా గట్టిపడే జబ్బు వస్తుంది, కారం తగిలితే మంట ఉంటుంది. అది క్యాన్సర్‌కు దారి తీయగలదు. వెంటనే చూపించాలి.

తిండి విషయం. పొద్దున ఏడున్నరకు ఇంటికొచ్చి ఆకలి మీద పూరీయో దోసెలో కడుపునిండా తిని ఎనిమిదికి వాలిపోతే కడుపులో పులుపు గొంతు దాకా వస్తుంది. అది కూడా మెలకువకు, దవడ కదలికకు కారణమే. పెద్ద భోజనం డ్యూటీలోనే, రాత్రి పన్నెండు లోపు ముగించండి. పొద్దున రెండు ఇడ్లీలో, చిన్న గిన్నెడు మజ్జిగన్నమో చాలు. గుండెల్లో మంట ఉన్నవాళ్ళు మంచం తలవైపు కోళ్ళ కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు ఇటుకలు పెట్టి ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. దిండ్లు రెండు పెడితే మెడ వంగుతుంది తప్ప ఛాతీ లేవదు. పుల్లటి తేన్పు వచ్చిన వెంటనే పళ్ళు తోమకండి, నీళ్ళు పుక్కిలించి అరగంటైనా ఆగండి.

దిగులు, ఆందోళనకు ఇచ్చే ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు వాడుతున్నవాళ్ళలో కొందరికి పళ్ళు బిగించడం మొదలవుతుంది. మందు మొదలుపెట్టిన, లేదా డోసు పెంచిన కొన్ని వారాల్లో వస్తే ఆ తేదీలు రాసుకుని డాక్టరుకు చెప్పండి. సొంతంగా ఆపేయకూడదు. అలాగే నిద్ర కోసం ఆల్ప్రాజోలం మాత్రలు షాపులో అడిగి తెచ్చుకోకండి. అలవాటు పడిపోతారు, శ్వాస ఆగే జబ్బు ఉంటే అది ఇంకా ముదురుతుంది.

కోనసీమ_బాబాయ్ · మంగళవారం, సాయంత్రం 6:00

అమ్మా, ఇంత చెప్పారు గానీ మనవైపు పెద్దవాళ్ళు చెప్పేది ఎవరూ అనలేదు. పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులు ఉన్నట్టే కదా? నట్టల మాత్ర వేస్తే పోదా? మెగ్నీషియం బిళ్ళలు, దవడకు బొటాక్స్ సూదులు అని కూడా ఈమధ్య వింటున్నాం.

నిద్ర_ల్యాబు · మంగళవారం, రాత్రి 8:15

బాబాయ్ గారూ, పిల్లల విషయంలో ఆ మాట ప్రతి ఇంట్లో ఉంది. చిన్నపిల్లల్లో పళ్ళు కొరకడం చాలా మామూలు, నులిపురుగులు కూడా మామూలే, రెండూ ఒకే వయసులో కనిపించేసరికి ముడిపడ్డాయి. నట్టల మాత్ర నట్టలకు మంచిదే, బడుల్లో ఏటా ఆల్బెండజోల్ ఇచ్చేది అందుకే. నలభై ఏళ్ళ షిఫ్టు ఆపరేటర్ దవడకు మాత్రం దాన్ని మందుగా నమ్ముకోవద్దు.

మెగ్నీషియంకు దీన్ని తగ్గిస్తుందనే గట్టి ఆధారం లేదు. బొటాక్స్ కొరికే బలాన్ని మూడు నాలుగు నెలలు తగ్గిస్తుంది, కదలికల సంఖ్యను కాదు. ఆ మెలకువలు అలాగే ఉంటాయి. నొప్పి భరించలేనివాళ్ళకు, అన్నీ అయ్యాక, తెలిసిన డాక్టరు చేతిలో మాత్రమే.

ఒక రక్త పరీక్ష మాత్రం అడగదగ్గది. పడుకోగానే కాళ్ళు జివ్వుజివ్వుమని కదిపితే తప్ప ఊరుకోనివాళ్ళకు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే పరీక్ష) చూడాలి, ముఖ్యంగా ఆడవాళ్ళకు. అది మిల్లీలీటరుకు 75 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే డాక్టరు ఐరన్ ఇస్తారు. నిద్రలో కాళ్ళు కొట్టుకోవడం కూడా చిన్న మెలకువలు తెస్తుంది. ఐరన్ మాత్ర వేసుకునే గంట ముందూ వెనకా టీ తాగకూడదు.

దంతాల_డాక్టరమ్మ · బుధవారం, ఉదయం 7:45

నిద్ర గురించి మాట్లాడుతూ మెలకువలో చేసేది మర్చిపోతున్నాం. కంట్రోల్ రూమ్ స్క్రీన్ ముందు, మైక్రోస్కోపు ముందు, రాత్రి బండి నడుపుతూ పళ్ళు బిగబట్టేవాళ్ళు చాలామంది. మామూలుగా 24 గంటల్లో పై పళ్ళు, కింది పళ్ళు కలిసి ఉండేది అంతా కలిపి ఇరవై నిమిషాలలోపే, అదీ నమిలేటప్పుడు, మింగేటప్పుడు. మిగతా సమయం పెదవులు మూసి ఉన్నా పళ్ళ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి.

ఆ సందు ఎలా ఉంటుందో తెలియాలంటే "అమ్మ" అనండి. "మ్మ" దగ్గర ఆగండి. పెదవులు కలిశాయి, పళ్ళు కలవలేదు. ఇప్పుడు నాలుక కొసను "ల" అనేటప్పుడు తగిలే చోట, పై ముందు పళ్ళ వెనక గట్టు మీద వదిలేయండి. దవడ దానంతట అది వేలాడుతుంది. అదే విశ్రాంతి స్థానం. లాగ్‌షీట్‌లో రీడింగు రాసే ప్రతిసారీ ఒకసారి చూసుకోండి: పళ్ళు కలిసి ఉన్నాయా? ఉంటే "మ్మ" దగ్గరికి వెళ్ళండి. గంటకోసారి రీడింగు రాసే పనికి ఇంతకంటే మంచి గుర్తు ఉండదు. రెండు మూడు వారాలకు చాలామందికి బిగబట్టడం తెలిసిపోతుంది.

పడుకునే ముందు తడిపి పిండిన వేడి తువ్వాలు రెండు దవడల మీద పదిహేను నిమిషాలు. చ్యూయింగ్ గమ్ మానేయాలి, అది కండరానికి కసరత్తు.

సి_షిఫ్టు_కెమిస్ట్ · బుధవారం, రాత్రి 9:30

రీడింగు ఆలోచన బాగుంది మేడమ్. ఇంకో రెండు. క్యాప్ పెచ్చు ఊడినవాళ్ళు, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయించుకోనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఏం చెప్పాలి? సి షిఫ్టు నుంచి సెలవు రోజుకు మారేటప్పుడు నిద్ర ఎలా పెట్టుకోవాలి?

దంతాల_డాక్టరమ్మ · గురువారం, ఉదయం 7:20

రూట్ కెనాల్ అయిన దవడ పన్ను లోపల గుల్ల. పళ్ళు కొరికేవాళ్ళకు క్యాప్ లేకుండా వదిలేస్తే నిలువునా చీలుతుంది, అప్పుడు తీసేయడం తప్ప దారి ఉండదు. నెలలు ఆగవద్దు. లోహం మీద పింగాణీ పూసిన క్యాప్‌లో ఆ పూత పెచ్చు లేస్తుంది. వెనక పళ్ళకు ఒకే ముక్కగా చేసిన జిర్కోనియా (గట్టి తెల్లటి సిరామిక్) లేదా పూర్తి లోహం నయం. జిర్కోనియాను సరిచేశాక అద్దంలా పాలిష్ చేయించండి, గరుకుగా వదిలితే ఎదుటి పన్నును తినేస్తుంది.

ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ దించి పెట్టిన పన్ను) ఉన్నవాళ్ళు గార్డు తప్పనిసరిగా పెట్టుకోవాలి. సొంత పన్ను చుట్టూ ఎంత నొక్కుతున్నామో చెప్పే పొర ఉంటుంది, ఇంప్లాంట్‌కు అది లేదు. స్క్రూ వదులవుతుంది, తర్వాత విరుగుతుంది.

గట్టిది కొరికి వదిలేటప్పుడు ఒక పన్ను చురుక్కుమంటే, కొరికినప్పుడు కాకుండా వదిలినప్పుడు, అది పగులు కావచ్చు. ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. ఏ పన్ను, ఏ మూల అని వేలు పెట్టి చూపిస్తే డాక్టరు చిన్న ముక్క కొరికించి పట్టుకుంటారు.

గోదావరిఖని_సేఫ్టీ · గురువారం, మధ్యాహ్నం 2:40

షిఫ్టు మారే సంగతి నేను చెప్త. పొద్దుటి షిఫ్టు, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి, ఇట్ల ముందుకు తిరిగితే ఒంటికి సులువు. మన ఒంటి గడియారం 24 గంటల కంటె కొంచెం పొడుగు, లేటుగ పండుకునుడు దానికి అలవాటైతది, ముందుగ పండుకునుడు కాదు. ఎన్క నుంచి తిప్పే చోట యూనియన్ల, సేఫ్టీ కమిటీల అడగదగ్గ మొదటి మాట ఇదే. ఖర్చు కూడ లేదు.

మొదటి రాత్రికి ముందు మధ్యాహ్నం రెండు–నాలుగు నడుమ గంటన్నర పడుకోవాలె. డ్యూటీల కునుకు తీస్తే ఇరవై నిమిషాలకు అలారం, లేచినంక పదిహేను నిమిషాలు మిషన్ ముట్టొద్దు, అప్పటిదాక మబ్బు ఉంటది. పొద్దున దిగినంక ఎండ కండ్ల వడకుండ నల్ల అద్దాలు పెట్టుకోవచ్చు, కని నిద్రమత్తు ఉన్నోళ్ళు బండి నడపొద్దు. బస్సు ఎక్కుండ్రి.

ఆఖరి సి షిఫ్టు దిగిన రోజు పూర్తిగ పడుకోవద్దు. ఎనిమిది నుంచి పదకొండు దాక మూడు గంటలు, లేచి ఎండల తిరగాలె, రాత్రి పదిన్నరకు మళ్ళ పడుకోవాలె. ఆ మూడు గంటల నిద్రకు కూడ గార్డు పెట్టుకోవాలె, చిన్న నిద్రే కదా అని వదలొద్దు.

నిద్ర_ల్యాబు · గురువారం, రాత్రి 8:50

వారం వారం మారేవాళ్ళకు ఒక ఉపాయం: ఏ షిఫ్టైనా ఒకే నాలుగు గంటలు నిద్రలో ఉండేలా చూసుకోవడం. ఎ షిఫ్టుకు నాలుగున్నరకు లేవాలి కాబట్టి మూడు షిఫ్టులకూ ఇది కుదరదు. బి, సి మధ్య మాత్రం కుదురుతుంది. బి వారంలో రాత్రి రెండున్నర నుంచి పదిన్నర, సి వారంలో ఎనిమిది నుంచి రెండు. ఎనిమిది–పదిన్నర రెండింటిలోనూ కలుస్తుంది. నాలుగు గంటలు కాకపోయినా ఆ రెండున్నర గంటలు గడియారానికి ఒక మేకులా ఉంటాయి. ఆ సమయంలో గది ఎప్పుడూ చీకటిగా, ఫోన్ ఎప్పుడూ మూగగా ఉండాలి.

మార్పు తెలియాలంటే రెండు వారాల కాగితం పెట్టండి. పడుకున్న టైము, లేచిన టైము, ఆఖరి టీ, లేవగానే దవడ నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత. నాలుగు గడులు చాలు. అన్నీ ఒకేసారి మార్చకండి, మొదటి వారం టీ, రెండో వారం గది. ఏది పని చేసిందో అప్పుడే తెలుస్తుంది.

సి_షిఫ్టు_కెమిస్ట్ · శుక్రవారం, ఉదయం 8:35

అందరికీ కృతజ్ఞతలు. పేజీ ముందువైపు గార్డు ఎప్పుడు పెట్టుకోవాలి, కిటికీ గుడ్డ బొమ్మ, ఆఖరి టీ టైము. వెనకవైపు నాలుగు గడుల కాగితం. గురక ఆగి ఆగి వచ్చేవాళ్ళు, నోరు మూడు వేళ్ళు తెరవలేనివాళ్ళు, వదిలినప్పుడు పన్ను చురుక్కుమనేవాళ్ళు వారంలోపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలని పెద్ద అక్షరాల్లో పెడుతున్నాం. హిందీ, ఒడియా మాట్లాడే కాంట్రాక్టు తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ భాషల్లో కూడా అచ్చు వేయిస్తాం. వాళ్ళకు "అమ్మ" బదులు ఏ మాట పెట్టాలి?

దంతాల_డాక్టరమ్మ · శుక్రవారం, ఉదయం 9:10

హిందీ వాళ్ళకు "హమ్", ఒడియా వాళ్ళకు "మా" పెట్టండి. "హమ్"లో చివరి "మ్" దగ్గర, "మా"లో మొదటి "మ్" దగ్గర ఆగమనండి. పెదవులు మూసుకునే ఏ మాటైనా సరిపోతుంది.